కృష్ణరాజ్ పేరుకు కొమ్ములు

సూలూరులో మరమగ్గాల విడిభాగాలు చేసే కంపెనీలో లోకేశ్వరి పద్దెనిమిదేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుంటోంది. ఆ కుర్చీకి ఇవాళ సాయంత్రం నాలుగు వరకే గడువు పడింది.

మదురై మిల్లొకటి ధరలు అడిగితే ఆమె మెయిల్ పంపి మూడు రోజులైంది. జవాబు లేదు. సాయంత్రం నాలుగుకు మిల్లువాళ్లు ధరల జాబితా మూసేస్తారు.

“మెయిల్ సూడనే సూడవు నువ్వు,” అంటూ కంపెనీ యజమాని, ముదలాళి కృష్ణరాజ్ గుమ్మంలోనే అందుకున్నాడు. “ఈ ఆర్డర్ పోయెనా, రేపు మా తమ్ముని బిడ్డ నిత్య కూర్చుంటుంది ఆ సీట్లో.”

“వచ్చింది సూస్తానన్నా. రానిదాన్ని ఎట్ల సూసేది?”

అంటూనే లోకేశ్వరి మిల్లు గుమాస్తా సత్యరాజ్‌కు ఫోన్ చేసింది.

“మూడు తూర్లు రిప్లై కొడితినక్కా, పోనే పోదు. కృష్ణరాజ్ అని ఒకటి ఎర్రగా నిలుస్తుంది, సూలూరు అని ఇంకొకటి పక్కన. సూలూరు ఎవరక్కా, మీ కొత్త మేనేజరా?”

లోకేశ్వరి నుదురు కొట్టుకుంది. పెళ్లిపత్రికైనా, గుడికిచ్చిన గంటైనా ఆ ఇంటివాళ్లకు పేరు, కామా, ఊరు ఉండాల్సిందే. పోయిన నెల కొత్త బిల్లుల సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు కృష్ణరాజ్ పక్కనే నిలబడి పంపేవాళ్ల పేరు ‘కృష్ణరాజ్, సూలూరు’ అని అలాగే కొట్టించాడు. మెయిల్ చిరునామాల వరసలో కామా పడితే ఒక మనిషి అయిపోయి ఇంకో మనిషి మొదలైనట్టు. పాత సాఫ్ట్‌వేర్ పేరుకు అటూఇటూ కొటేషన్ గుర్తులు తనే పెట్టి ఒక్కటిగా ఉంచేది. కొత్తదానికి ఆ ఇంగితం లేదు.

“ఊరు తీసేస్తానన్నా,” అంది కృష్ణరాజ్‌తో.

“ఊరు లేనోడా నేను? నా ఫోన్లో సక్కగా ఉండాదే!”

“మీ ఫోన్ సర్దుకుంటుంది, మిల్లు కంప్యూటర్ సర్దుకోదు. ఆర్డర్ ఇచ్చేది మీ ఫోనా?”

అతను ఒప్పుకోలేదు. గడియారం మూడుంబావు. పళ్లు కొరుక్కుంటూ ఆమె అతని పేరునీ ఊరినీ కలిపి ఆ కొటేషన్ గుర్తుల మధ్య బిగించి, ధరల మెయిల్ మళ్లీ పంపింది. మూడున్నరకు సత్యరాజ్ జవాబు వచ్చింది, ఆర్డర్‌తో సహా.

కృష్ణరాజ్ ఆ జవాబు ప్రింటు తీయించుకుని అడుగున తన పేరు చూసుకున్నాడు. ముఖం మాడింది.

“ఏమిది, నా పేరుకి కొమ్ములు మొలిచిండాయి? తీసెయ్యి.”

లోకేశ్వరి లేచి, కుర్చీని అతని వైపు జరిపింది.

“నిత్యను పిలవండన్నా. వచ్చి తీస్తుంది. రేపు మిల్లోళ్లు జవాబియ్యకుంటే దాన్నే అడగండి.”

కృష్ణరాజ్ కుర్చీ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు.

“సరి, ఉండనీ. కూర్చో,” అని గొణిగి వెళ్లిపోయాడు.

ఆమె కూర్చుంది. మిగతా యాభై మంది ఖాతాదారులకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ కామాతో వెళ్లిన మెయిళ్లన్నీ తెరిచి, తిట్టుకుంటూ, మొదటి నుంచీ మళ్లీ పంపడం మొదలుపెట్టింది.