అపొలిన్ బాయి సాక్షి సంతకం

మంగళూరులో మా వీధి క్రైస్తవుల ఇళ్లలో ఎవరు వీలునామా రాసినా ఒక సాక్షి అపొలిన్ బాయే. కబురు అందగానే సబ్బుతో చేతులు కడుక్కుని, చర్చికి కట్టే గోధుమరంగు చీర కట్టుకుని, సొంత పెన్ను పట్టుకుని బయల్దేరుతుంది. కాగితంలో ఒక్క ముక్క చదవదు. "ఎవరికేం రాశారో నాకెందుకమ్మా? రాసినవాళ్లు సంతకం పెడుతుంటే కళ్లారా చూశానా లేదా, అంతే" అంటుంది. ఆ నిగ్రహం నాకైతే రాదు.

మొన్న ఆమె అద్దెకుండే ఇంటి యజమాని, ఎనభై దాటిన సెరఫిన్ లోబో వీలునామా రాయించాడు. డాక్టరుగారు ఒక సాక్షి. రెండో సాక్షి తనే అనుకుని అపొలిన్ బాయి పెన్ను మూత తీసింది. "నువ్వొద్దు. ఇంకెవరినైనా పిలువు" అన్నాడు ముసలాయన. ఆమె ముఖం చిన్నబోయింది. "ముప్పై ఏళ్లుగా వీధంతటికీ పనికొచ్చిన చెయ్యి, నీకు పనికిరాకుండా పోయిందా బాబాయ్?" "ఓసి పిచ్చిదానా! సాక్షి సంతకం పెట్టినవాళ్లకి వీలునామాలో రాసింది దక్కదట. లాయరు మరీమరీ చెప్పాడు. నువ్వుండే వెనక గది నీకే రాశానే. సంతకం పెట్టి పోగొట్టుకుంటావా?" ఆమె గోడ ఇవతల చెవి ఒగ్గి నిలబడ్డ నన్ను కేకేసి, పెన్ను నా చేతిలో పెట్టి, "ఆయన చెయ్యి వణుకుతుంది, తొందరపెట్టకు" అని పెరట్లోకి వెళ్లిపోయింది. మా సంతకాలయ్యాక కిటికీలోంచి చూస్తే, తన గది గుమ్మంలో కూర్చుని తలుపు చెక్కను మెల్లగా నిమురుతోంది.