మలికిపురం లైను: కొరియర్ సైకిలు వెంట ఒక రోజు

మా తోడల్లుడు సూర్యనారాయణ నాకు పని ఇప్పిస్తానని కబురు పెట్టగానే, ఇందులో ఏదో ఉందని అనుమానం వచ్చింది. అతను అమలాపురంలో ఒక హైదరాబాదు కొరియర్ కంపెనీకి ఏజెంటు. ఎనభైల మధ్యలో కొరియర్ అనే మాట మా వైపు ఇంకా కొత్త. కవర్లు రాత్రి బస్సులో రావులపాలెం దిగి, తెల్లారేసరికి అమలాపురం చేరేవి. అక్కడి నుంచి రాజోలు, మలికిపురం వైపు ఒక మనిషి సైకిలు మీద ఇంటింటికీ పంచేవాడు. ఆ మనిషి మానేస్తున్నాడని, ఆ లైను నన్ను తీసుకోమని కబురు.

నేను గుమస్తాగా ఉన్న రైసు మిల్లు మూతపడి ఏడాది కావస్తోంది. ఇంట్లో పాలు పోయించుకోవడం కూడా మానేశాం. కాదనే స్థితిలో లేను. కానీ ఇదే సూర్యనారాయణ తన గృహప్రవేశంనాడు, మొదటి బంతిలో కూర్చుని ఆకు మీద నీళ్లు చల్లుకున్న నన్ను, ఎవరో డిప్యూటీ తాసిల్దారు వచ్చారని లేపాడు. "అన్నయ్యగారూ, మీరు మనవాళ్లే కదండీ, రెండో బంతిలో కూర్చుందురుగాని" అన్నాడు. తొమ్మిదేళ్లయింది. ఆనాటి నుంచి ఆ ఇంట నేను మంచినీళ్లు ముట్టలేదు. అలాంటివాడు నాకు మేలెందుకు చేస్తాడు?

కంపెనీ ఇన్‌స్పెక్టరు అమలాపురం వచ్చి ఉన్నాడు. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. లేకపోతే లైను మరొకరికి పోతుంది. మాట ఇచ్చే ముందు దాన్ని కళ్లారా చూద్దామని బయలుదేరాను. సైకిలు మీద కవర్లు పంచి బతకవచ్చా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా ఊరు ముక్తేశ్వరంలో ఆరు గంటల బస్సు ఆరున్నరకు వచ్చింది. ఈ బస్సు గురించి డిపో మేనేజరుకు నేను రాసిన ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. అమలాపురంలో దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న షాపులో సైకిలు అద్దెకు తీసుకున్నాను. అక్కడ తీసుకునేవాళ్లు ముందు బ్రేకులు నొక్కి చూసుకోండి. నాకిచ్చినదానికి వెనక బ్రేకు పేరుకే ఉంది. ఆ సంగతి షాపువాడికి తెలుసని అతని చూపులోనే తెలిసింది.

లైను మనిషి పేరు వీర్రాజు. ముప్పై అయిదేళ్లుంటాయి. రోజంతా సైకిలు తొక్కేవాడికి ఉండకూడనంత పొట్ట ఉంది. అది కూడా మనసులో పెట్టుకున్నాను. ఖాకీ సంచీలో పద్నాలుగు కవర్లు సర్దుకుంటున్నాడు.

"ఎందుకు మానేస్తున్నావు?" అని అడిగాను.

"షుగరొచ్చిందండీ" అన్నాడు.

నమ్మలేదు. షుగరొస్తే డాక్టర్లు సైకిలు తొక్కమంటారు గాని మానమనరు.

ఎనిమిదిన్నరకు బోడసకుర్రు రేవు చేరాం. రెండు పడవల మీద బల్లలు పరిచిన పంటు మీద సైకిళ్లతో ఏరు దాటాలి. పంటు అవతలి ఒడ్డున ఉంది. మనుషులు నిండితేగాని కదలదు. హైదరాబాదులో కూర్చుని ఇన్ని గంటలకు ఇన్ని ఇళ్లని లెక్కవేసినవాడు ఈ రేవు చూసి ఉండడు. మా పక్కన చేపల బుట్టతో నిలబడ్డ ఆవిడ వీర్రాజుని ఎగాదిగా చూసింది.

"ఏరా వీర్రాజూ, ఇయ్యాల ఏ ఇంట్లో సుట్టరికం?"

"నీకెందుకు పిన్నీ?"

"నాకెందుకు గానీ, నువ్వెక్కితే పంటు ఓ పక్కకి ఒరుగుతోంది."

అందరూ నవ్వారు. వీర్రాజు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. చుట్టరికం అన్న మాట నాకు పట్టుకుంది.

పాశర్లపూడిలో మొదటి కవరు. వీర్రాజు సైకిలు స్టాండు వేసి, ఇంటివాళ్లు పిలవకముందే అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ వచ్చింది. నన్నూ తాగమన్నారు. వద్దన్నాను. ఇంటాయన కవరు పక్కన పెట్టి అమలాపురంలో కొబ్బరికాయ ధర ఎలా ఉందో, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో అడిగాడు. వీర్రాజు అన్నిటికీ జవాబు చెప్పాడు. చివర్లో సంతకం పెట్టి, ఓ మునక్కాయల కట్ట తెచ్చి సైకిలు వెనక కట్టించాడు.

రెండో ఇంట్లో మళ్లీ కాఫీ, ఓ అరటి హస్తం. మూడో ఇంట్లో మజ్జిగ, సున్నుండ, ఓ సీసాడు మాగాయ. తాటిపాక చేరేసరికి సైకిలు బయలుదేరినప్పటికంటే బరువుగా ఉంది. ఇప్పుడు నాకు అర్థమైంది. కంపెనీ సైకిలు మీద వీడు సొంత వ్యాపారం చేస్తున్నాడు. నిలదీశాను.

"వ్యాపారమా? రామ రామ. ఈ మునక్కాయలు తాటిపాకలో ఆయన కూతురికండీ. అరటిపళ్లు రాజోలు మేష్టారింటికి. మాగాయేమో ఇచ్చినావిడ చెల్లెలికి. ఎలాగూ అటెళ్తున్నావు కదా అంటారండీ. కాదంటే బాగుంటదా?"

"కాఫీలు?"

"అదేనండి నా జబ్బు. పంచదార వద్దన్నానండి. బెల్లం వేసిచ్చేరు."

తాటిపాకలో మునక్కాయలు అందుకున్న అమ్మాయి వాళ్ల నాన్న ఎలా ఉన్నారని అడిగి, తిరుగు ప్రయాణంలో తీసుకెళ్లమని పాశర్లపూడికి ఓ పొట్లం సిద్ధం చేస్తానంది. దాంతో వ్యాపారం అనుమానం తీరింది. కానీ వీడు పని దొంగ అన్నది మాత్రం ఖాయమైంది.

రాజోలు చేరేసరికి ఒంటిగంట. పద్నాలుగు కవర్లలో ఆరు చేరాయి. మేష్టారింట్లో వీర్రాజుకి భోజనం పెట్టారు. నన్ను రమ్మంటే రానని బస్టాండు దగ్గర హోటల్లో తిన్నాను. ఆ హోటల్లో సాంబారు రెండోసారి అడిగితే వినపడనట్టు వెళ్లిపోతారు. పోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి. తింటూ లెక్క వేసుకున్నాను. ప్రతి ఇంట్లోనూ వీర్రాజు కూర్చున్నంతసేపట్లో ఇంకో ఇల్లు తిరిగి రావచ్చు. లైనులో తప్పులేదు, మనిషిలో ఉంది. గేటు దగ్గర నిలబడి, కవరిచ్చి, సంతకం తీసుకుని కదిలే మనిషికి పద్నాలుగేమిటి, ఇరవై కూడా గిట్టుతాయి. సాయంత్రం అవుననే చెబుదామని అప్పుడే మొదటిసారి అనిపించింది.

మలికిపురంలో మొదటి కవరు నేనే ఇస్తానన్నాను.

"మీ ఇష్టమండీ" అన్నాడు వీర్రాజు. మళ్లీ తనే, "కూర్చుంటారు కదండీ?" అన్నాడు.

"కూర్చోను."

"ఆయ్" అని కవరు నా చేతిలో పెట్టాడు.

కొబ్బరితోట మధ్య పెంకుటిల్లు. ఓ పెద్దావిడ వాకిట్లో చాప మీద మిరపకాయలు తిరగేస్తోంది. నేను గేటు దగ్గరే నిలబడి కవరు చూపించాను.

"రండి బాబూ, లోపలికి రండి."

"ఫర్వాలేదమ్మా. ఇది తీసుకుని సంతకం పెట్టండి."

"ఎండనపడి వచ్చేరు, కాస్త మంచినీళ్లన్నా పుచ్చుకోండి."

"ఏమీ వద్దమ్మా. ఇక్కడే నిలబడతాను."

ఆవిడ చేతిలో మిరపకాయలు చాప మీద జారిపోయాయి. నా ముఖంలోకి, చేతిలో కవరు వైపు చూసింది.

"ఎవరు బాబూ? హైద్రాబాదులో మా తమ్ముడేనా?"

నాకు అర్థం కాలేదు. "అవునమ్మా, హైదరాబాదు నుంచే" అన్నాను.

ఆవిడ అక్కడే మట్టిలో కూలబడింది. "తమ్ముడూ" అని ఒక్కసారే అంది.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. మా వైపు చావు కబురు తెచ్చినవాడు గేటు దాటడు. కూర్చోమన్నా కూర్చోడు, ఆ ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టడు. మా నాన్నగారు పోయినప్పుడు చుట్టాల ఊళ్లన్నీ తిరిగి నేనే అలా నిలబడి చెప్పి వచ్చాను. అన్నీ తెలిసినవాణ్ణి, ఆ ఎండలో కవరు పట్టుకుని అచ్చం అలాగే నిలబడ్డాను.

పక్కింటి ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎవరూ పోలేదని నేనెంత చెప్పినా ఎవరూ వినలేదు. కవరు తెరవండమ్మా అంటే ఎవరూ ముట్టుకోలేదు. ఇంతలో వీర్రాజు వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి అరుగు మీద కూలేశాడు.

"అత్తయ్యగారూ, ఈయన కొత్తండీ. మర్యాద తెలీదు. కాఫీ తాగుతారు. పెట్టించండి."

కాఫీ వచ్చింది. పెద్దావిడ లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తాగు బాబూ. నేను చూడాలి."

గ్లాసు ఖాళీ అయ్యేవరకు నా మీంచి కళ్లు తిప్పలేదు. చుక్క మిగలకుండా తాగి గ్లాసు బోర్లించి చూపించాను. అప్పటిగ్గాని ఆవిడ ఊపిరి పీల్చలేదు. కవరులో తమ్ముడి మనవడి అన్నప్రాశన ఫోటో ఉంది. ఆవిడ దాన్ని చూసి ఏడ్చింది, నవ్వింది, నన్ను తిట్టింది. వెళ్లేటప్పుడు ఓ బూడిదగుమ్మడికాయ నా సైకిలుకి కట్టించింది. రాజోల్లో మేనకోడలికట. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రోజు ఎనిమిది కవర్లే చేరాయి. మిగిలినవి మర్నాటికి.

తిరుగు పంటు మీద ఎండ తగ్గింది. ఏటి మధ్యలో వీర్రాజుని అడిగాను, ఈ లైనుకి నన్నే ఎందుకు పిలిచారో తెలుసా అని.

"తెలుసండీ. నేనూ అడిగేను ఏజెంటుగారిని. 'మా అన్నయ్యగారు తొమ్మిదేళ్ల నుంచి మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదురా. ఆయనైతేనే నీలా అరుగులెక్కడు, పద్నాలుగూ పంచుతాడు' అన్నారండీ."

అది పొగడ్తో అవమానమో తేల్చుకోలేకపోయాను. అవమానాల కిందే జమ వేసుకున్నాను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్లూ అతను గమనిస్తూనే ఉన్నాడన్నమాట.

ఆరింటికి సూర్యనారాయణ ఇంటికి చేరాను. ఇన్‌స్పెక్టరు సంచీ సర్దుకుని వరండాలో కూర్చున్నాడు. గృహప్రవేశం తరవాత ఆ వరండాలో నేను కూర్చోవడం అదే మొదలు.

"రోజుకి ఎనిమిది కవర్లు. ఒప్పుకుంటే చేస్తాను. లేకపోతే వేరేవాళ్లను చూసుకోండి" అన్నాను.

"ఎనిమిదేనా? సిటీలో మా కుర్రాళ్లు ఇంతకు నాలుగింతలు పంచుతారు."

"అక్కడ తలుపు సందులోంచి చెయ్యి బయటికొస్తుంది. కవరు తీసుకుని లోపలికి పోతుంది. ఇక్కడ అలా ఇస్తే మనుషులు పడిపోతారు."

ఇన్‌స్పెక్టరు సూర్యనారాయణ వైపు చూశాడు. అతను నా మాట కొట్టేస్తాడనుకున్నాను.

"అన్నయ్యగారు చూసొచ్చి చెబుతున్నారు కదండీ. ఎనిమిదే రాసుకోండి" అన్నాడు.

ఇందులోనూ ఏదో ఉండే ఉంటుంది. కనుక్కుంటాను. ఆకు మీంచి లేపిన సంగతి కూడా నేను మరిచిపోలేదు. అది వేరు, ఇది వేరు. ఈ లైను గిట్టుతుందా అని అడిగితే, కూర్చునే వేళ కూడా లెక్కలో వేసుకునేవాడికి గిట్టుతుందని చెబుతాను.

ముక్తేశ్వరం ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. లోపలి నుంచి మా మరదలు అందరికీ కాఫీలు తెచ్చింది, అలవాటు ప్రకారం నాకు తప్ప.

"నాకూ ఓ గ్లాసు ఇయ్యమ్మా" అన్నాను.

తొమ్మిదేళ్ల తరవాత నేను అడిగేసరికి ఆమె పళ్లెం కింద పెట్టేసింది. ముఖం పాలిపోయింది.

"బావగారూ, అక్క బాగానే ఉందాండీ?"

"బాగానే ఉందమ్మా. ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాను. "పంచదార మాత్రం తక్కువెయ్యి."