చచ్చినవాళ్ళు లేవని సినిమా

ఒక సినిమాకు లేని రెండో భాగం ఉందని చెప్పి ఒక ముసలి మనిషిని ఏళ్ళ తరబడి ఖమ్మం తిప్పించుకున్నారు. తిప్పించుకున్నది పల్లెలకు మంచి సినిమాలు తెచ్చి చూపిస్తామని బయల్దేరిన చదువుకున్న పెద్దమనుషులు. తిరిగింది మా చిన్నాయన. మొన్న గురువారం పొద్దున ఆయన దవాఖానాలో పోయాడు. రెండో భాగం లేదని మాకు తెలిసింది ఆ సాయంత్రం, శవం వాకిట్లో ఉండగా.

మాది పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో చిన్న పల్లె. చిన్నాయన మిరప తోట వేసేవాడు. వయసులో ఉన్నప్పుడు భాగోతం ఆడాడు. గొంతు పెద్దది కాబట్టి ఎప్పుడూ రాక్షసుడి వేషమే. ప్రతి ఆటలో చచ్చేవాడు. చచ్చి పడ్డాక ఒక్కోసారి అక్కడే నిద్రపట్టేదట. చిన్నమ్మ తెర పక్కనుంచి వచ్చి భుజం పట్టి ఊపేది. "లే, హారతి పళ్ళెమొచ్చింది." అప్పుడు లేచి, తనను చంపినవాడి పక్కనే నిలబడి మంగళం పాడేవాడు.

"నేను సచ్చినన్నిసార్లు ఈ జిల్లాల ఎవడూ సావలే" అని మమ్మల్ని నవ్వించేవాడు.

కథలో ఎంతమంది చచ్చినా చివర అందరూ లేవాలి. మంగళం పాడాలి. జనం హారతి కళ్ళకద్దుకోవాలి. అది అయితేనే ఆట అయినట్టు. చిన్నాయనకు అది వేళాకోళం కాదు. "సచ్చినోణ్ణి లేపకుంట తెర దించితే, ఆ సావు సూసినోళ్ళ ఎంట ఇంటికి పోతది" అనేవాడు.

ఖమ్మం నుంచి సినిమావాళ్ళు వచ్చింది నేను బడి మానేసి లారీ మీద క్లీనర్‌గా చేరిన ఏడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బడి గది కిటికీలకు తడకలు కట్టారు. గోడకు తెల్ల దుప్పటి, బయట జనరేటర్. ఎక్కడో పరాయి దేశపు సినిమా, నలుపు తెలుపు. ఎప్పటిదో పాత నాటకాన్ని సినిమాగా తీశారట. మాట ఒక్కటి అర్థం కాదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతున్నాయి. వాళ్ళలో ఒక సారు మైకు పట్టుకుని "ఇది మనిషికీ విధికీ మధ్య ఘర్షణ" అని మొదలుపెట్టాడు. జనం బీడీలకు లేచిపోతున్నారు. చిన్నాయన వెళ్ళి మైకు అడిగి తీసుకున్నాడు.

"ఇగో, ఈమె రాజమాత. నడుముకు తాళంచెవి సూడుండ్రి. కోట బయట శత్రువులున్నరు. గా గుర్రం మీద వచ్చేటోడు ఈమె కొడుకు."

భాష ఆయనకూ రాదు. మొహాలు చూసి చెప్పాడు. అయినా కథ అదేనని తర్వాత ఆ సారే ఒప్పుకున్నాడు. కొడుకు దెబ్బలతో వచ్చి తలుపు కొడతాడు. తీస్తే శత్రువులు ఊళ్ళోకి వస్తారు. తల్లి తాళంచెవి పట్టుకుని నిలబడిపోతుంది.

"తియ్యి తల్లీ, పోరడు సస్తుండు!" అని ముందు వరసలో అవ్వ ఒకామె అరిచింది.

"తీస్తే ఊరంత సస్తదే అవ్వా" అన్నాడు చిన్నాయన మైకులో.

"గంత పెద్ద కోటకు ఎనక దర్వాజ ఉండదా?"

"ఉంటే సినిమా ఎందుకైతది? ఊకోరాదు!"

అందరూ నవ్వారు. కాసేపటికి ఎవరూ నవ్వలేదు. కొడుకు గడప బయట పోయాడు. తెల్లారి తల్లి తలుపు తీసి, వాడి పక్కన పడుకుని మళ్ళీ లేవలేదు. తెర మీద పేర్లు మొదలయ్యాయి. చిన్నాయన సైగ చేస్తే చిన్నమ్మ ఇంటికి ఉరికి పళ్ళెం తెచ్చింది. కర్పూరం వెలిగించి ఆయన దుప్పటి ముందు నిలబడ్డాడు. పేర్లు అయిపోయాయి. దుప్పటి తెల్లగా మిగిలింది. ఆయన నిలబడే ఉన్నాడు. కర్పూరం ఆరిపోయింది.

"ఇంకేది సారూ? ఇద్దరూ పండుకొనే ఉన్నరు."

"అయిపోయింది పెద్దాయనా."

"అయిపోవుడేంది? లేవనే లేదు గదా!"

జనం కదల్లేదు. కొందరు బయట వాళ్ళ వ్యాన్‌కు అడ్డం నిలబడ్డారు. అప్పుడు ఆ సారు అన్నాడు: "రెండో భాగం ఉంది. ఖమ్మంలో ఉండిపోయింది. పంపిస్తాం."

ఆ వానాకాలం ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. తలుపు తియ్యమని అరిచిన అవ్వ పోయింది. ఆమె కోడలు చిన్నాయనను దారిలో ఆపి, "మా అత్త ఆ పోరడి మీదనే బెంగ వెట్టుకుంది. నీ ఆట వొడిసి మంగళం పాడుడెప్పుడు మామా?" అని అడిగింది. ఆ తర్వాత మిర్చి అమ్మడానికి ఖమ్మం మార్కెట్‌కు పోయినప్పుడల్లా సినిమావాళ్ళ గది తలుపు కొట్టి వచ్చేవాడు. ఇంకా రాలేదు, వచ్చే నెల, హైదరాబాదు నుంచి రావాలి అనేవాళ్ళు. విన్నది విన్నట్టు వచ్చి ఊరికి చెప్పేవాడు. బస్సు దిగగానే కుర్రకారు "చిన్నాయనా, లేచిండ్రా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "లేస్తరు తియ్యి, మీ లెక్క సోమరులా?" అనేవాడు.

ఒకసారి నేనే విసుక్కున్నాను. "ఎందుకే నీకు, వాళ్ళ సినిమా వాళ్ళిష్టం."

"సినిమా వాళ్ళదేరా. కథ నేను జెప్పిన. ఊరోళ్ళ ఇండ్లళ్ళకు ఆ సావును నేనే తోలిన. దాన్ని ఎనకకు మలుపుకొచ్చుడు నా పని గాదా?"

గురువారం సాయంత్రం కబురు తెలిసి ఆ సారు దండ పట్టుకుని వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "ఎంత అమాయకుడు! అసలు రెండో భాగమే లేదు బాబూ. ఆరోజు వ్యాన్ కదలనివ్వకపోతే ఏదో ఒకటి చెప్పాం. విషాదాంతం అంటే అంతే, చివర లేవరు. పాపం, ఆయనకది అర్థం కాలేదు."

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. మా అన్న విడిపించాడు.

అప్పటినుంచి నాకు ఏదీ తేలడం లేదు. హీరో చచ్చిన సినిమాలు ఎన్ని చూసి బజ్జీలు తింటూ ఇంటికి రాలేదు? ఇది మాత్రం ఎందుకు వదలదు? ఆ తల్లి చేసింది తప్పా ఒప్పా? అర్థం కానిది చిన్నాయనకా, సారుకా? చావు అబద్ధమని చిన్నాయన ఎన్నడూ అనలేదు. ఎన్ని పాడెలకు భుజం పట్టాడో మాకు తెలుసు. ఆట అయిందని చెప్పి జనాన్ని ఇంటికి పంపాలన్నాడు, అంతే. ఆ మాట ఎట్లా తప్పో నాకు ఎవరైనా చెప్పాలి. కోపం ఎవరి మీదో కూడా ఒక్కోసారి తెలియడం లేదు.

పాడె ఎత్తబోయే ముందు చిన్నమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. ఏడుస్తుందనుకున్నాం. వంగి ఆయన భుజం పట్టి ఊపింది. "లే, హారతి పళ్ళెమొచ్చింది." డప్పులు ఆగిపోయాయి. సిగ్గులేకుండా చెబుతున్నాను, మేమందరం ఆయన మొహం వంకే చూశాం.

సినిమావాళ్ళకు ఒకటే మాట. పెద్దకర్మ రోజున మీ మిషనూ ఆ సినిమానూ పట్టుకుని రండి. మొత్తం చూపించండి. కథ చెప్పడానికి ఎవరూ లేరు, మొహాలు చూసి మేమే చెప్పుకుంటాం. అయిపోయాక మైకు పట్టుకుని, "రెండో భాగం లేదు, మేం అబద్ధం చెప్పాం" అని ఊరందరి ముందు మీ నోటితో చెప్పండి. మంగళం మేం పాడుకుంటాం. వస్తారో రారో ఈ ఆదివారం పొద్దుగూకేలోపు కబురు చెయ్యండి. బడి గోడకు దుప్పటి ఇప్పటికే కట్టాం. చిన్నమ్మ పళ్ళెం తోమి, కర్పూరం పెట్టి, ఆ దుప్పటి ముందు కూర్చుంది.