ఒళ్లు లేని యోధుడు

ఇప్పుడైతే ఫోనులో వేలు ఆడిస్తే చాలు, కొత్త ఆట దిగిపోతుంది. ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఆట, అదీ నాకంటే వయసులో పెద్దది. అప్పుడు నేను పుంగనూరులో మా చిన్నాయన ఇంట్లో ఉండి, రోజూ బస్సులో మదనపల్లెకు పోయి డిగ్రీ చదివేదాన్ని. సీనియర్ అక్క ఒకామె వదిలించుకున్న లాప్‌టాప్ నాకు దక్కింది, దాంట్లో ఉంది ఆ ఆట. కోటలు, రాక్షసులు, మంత్రాలు. మనం ఒక మనిషిని తయారుచేసుకుని, అతనికి తోడు ఇంకొందరిని కూడగట్టుకుని లోకం మీద పడాలి. తయారుచేసేటప్పుడే అతను యోధుడా, మంత్రగాడా, దొంగా అని ఆట అడుగుతుంది. మరుగుజ్జులకూ, అడవి జాతుల వాళ్లకూ రెండు మూడు విద్యలు కలిపి ఇస్తుంది గానీ మామూలు మనిషికి మాత్రం ఒక్కటే. ఈ అన్యాయం నన్ను పరీక్షల కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకంటే మూడు విద్యల మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా చిన్నాయన పొద్దున్నే టెంపోలో టమోటాలేసుకుని మదనపల్లె మార్కెట్‌కు పోయేవాడు. ఎండాకాలం వస్తే సోమల పక్క పల్లెల్లో వీధినాటకానికి రాజు వేషం కట్టేవాడు. మధ్యలో ఎవరికైనా తేలు కుడితే మంత్రం వేసేవాడు (ఆ మంత్రం ఎంత గొప్పదంటే, తనకే తేలు కుట్టిన రోజు మాత్రం టెంపో తీసుకుని నేరుగా ఆస్పత్రికి పోయాడు). అలాంటి మనిషిని ఆటలోకి తేవాలన్నది నా పంతం. ఆట ఫైళ్లలో వెతగ్గా వెతగ్గా ఒకటి కనబడింది, దాన్నిండా వరసలు వరసలుగా సున్నాలూ ఒకట్లూ. సున్నా అంటే కుదరదు, ఒకటి అంటే కుదురుతుంది. మనిషి వరసలో, మూడు విద్యలూ కలిసే చోట సున్నా తీసేసి ఒకటి పెట్టాను. ఆట ఒప్పుకుంది. యోధుడు, మంత్రగాడు, దొంగ, ముగ్గురూ ఒక్కడే. నాకు ఒళ్లు పులకరించింది.

అయితే ఆ మనిషికే ఒళ్లు రాలేదు. తెలిసీ తెలియక ఇంకేదో అంకె కూడా కెలికినట్టున్నాను, తెర మీద మనిషి బదులు నేల మీద ఒక పచ్చ వలయం, దాని పైన గాల్లో తేలుతూ ఒక కత్తి, అంతే. ముఖం ఉండాల్సిన చోట నల్లటి చదరం. వలయం కదిలితే అడుగుల చప్పుడు వినబడేది. సత్రం దగ్గరికి పోతే తలుపు దానంతటదే తెరుచుకునేది. పట్టపగలు కూడా నాకు వీపు మీద చల్లగా ఏదో పాకినట్టుండేది. చిన్నాయనకు చూపిస్తే కాసేపు గడ్డం రుద్దుకుని, "మేకప్పు యేసుకుంటాండాడేమో, వస్తాడులే పాపా" అన్నాడు.

ఆ ఆటలో మన పాత్రకు మన గొంతు కూడా పెట్టుకోవచ్చు. దెబ్బ తగిలితే ఒక మాట, కత్తి దూస్తే ఒక మాట, ఊరికే నిలబెట్టి మరిచిపోతే కొంతసేపటికి దానంతటదే విసుక్కుంటూ ఒక మాట. చిన్నాయన ఉత్సాహం చూడాలి. నాటకం వాళ్ల స్పీకరు పెట్టె తెచ్చి లాప్‌టాప్‌కు తగిలించి, కండువా సర్దుకుని మరీ రికార్డు చేయించుకున్నాడు. ఒక్క డైలాగు చెప్పమంటే పద్యం ఎత్తుకునేవాడు, మధ్యలో వీధిలో పోయేవాళ్లను పలకరించేవాడు. ఆ తోకలన్నీ సరిగా కత్తిరించడం నాకు రాలేదు. చాలా ఫైళ్లు చివరిదాకా వినకుండానే ఆటలో పడేశాను.

ఆ ఏడాది వానలు మొదలవక ముందే, మార్కెట్‌లో లోడు దించుతూ గుండె పట్టుకుని కూర్చున్న చిన్నాయన మళ్లీ లేవలేదు.

దినాల కోసం ఇంటినిండా జనం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడుపు ఆపుకోలేక వెనక గదిలోకి పోయి, చెయ్యి ఊరుకోక లాప్‌టాప్ తెరిచాను. ఆట మొదలయ్యింది. వలయం సత్రం ముందర నిలబడి ఉంది. ఇంతలో మా పెద్దమ్మ పిలిచి, కాఫీ గ్లాసులు కడగమంది. అట్లే వదిలేసి వచ్చాను. స్పీకరు పెట్టె ఇంకా దానికే తగిలించి ఉన్న సంగతి నాకు గుర్తే లేదు.

నడవలో అందరూ చిన్నగా మాట్లాడుకుంటున్నారు. అప్పుడు వెనక గదిలోనుంచి చిన్నాయన గొంతు, నాటకం కట్టినంత నిండుగా వచ్చింది.

"ఎంతసేపు నిలబెడతారప్పా నన్ను? పోదాం పదండి."

నడవంతా బిగుసుకుపోయింది. ఆయనతో వేషాలు కట్టే ముసలాయన ఒకడు, ఆ పిలుపుకు లేచే అలవాటు కొద్దీ, కండువా భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. ఏదో గరగర. మళ్లీ అదే గొంతు, ఈసారి రాజు గొంతు కాదు, ఇంట్లో గొంతు.

"ఏమ్మే, పాలు పొంగుతాండాయి, సూడు."

మా చిన్నమ్మ లేచింది. ఆలోచించలేదు, అటూ ఇటూ చూడలేదు. రోజూ లేచినట్టే లేచి వంటింట్లోకి పోయింది. కాఫీ కోసం పెట్టిన పాలు నిజంగానే గిన్నె అంచు దాకా వచ్చి ఉన్నాయి. స్టవ్ ఆపేసి, చేతిలో మసిగుడ్డతో గడప దాకా వచ్చాక అప్పుడు అర్థమయ్యింది ఆమెకు. అక్కడే నిలబడిపోయింది.

నేను పరుగెత్తి లాప్‌టాప్ మూసేసి వచ్చి, ఇది ఆట అనీ, రికార్డు చేసిన గొంతు అనీ, ఫైలు చివర్లో ఎప్పటి మాటో మిగిలిపోయిందనీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. పెద్దమ్మ కర్పూరం వెలిగించి లాప్‌టాప్‌కు హారతి ఇచ్చింది (కీబోర్డు మీద ఒక మరక ఇప్పటికీ ఉంది). గొంతు రికార్డయితే అయ్యింది, పాల సంగతి ఎట్లా తెలిసిందని అడిగింది. నేను పోయి మిగిలిన గ్లాసులు కడిగాను.

చుట్టాలు వెళ్లిపోయాక ఒక సాయంత్రం చిన్నమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. చూపించమంది. తెరిచాను.

"యాడుండాడు?"

పచ్చ వలయం చూపించాను. మనిషి లేడే అంది. నా తప్పు వల్ల ఒళ్లు రాలేదని చెప్పాను. ఈయన ఆడ ఏం పని చేస్తాడని అడిగింది. యుద్ధం చేస్తాడు, మంత్రాలేస్తాడు, తాళాలు తీసే దొంగ కూడా అని చెబితే మొదటిసారి ఆమె మూతి కొంచెం వంకర పోయింది. "దొంగా? మన బీరువా తాళమే తీసేకి రాదు ఆయనకు" అంది. సరే, ఆయన పరాక్రమం చూపిద్దామని ఊరి బయటికి నడిపించాను. పొదల్లోనుంచి తోడేళ్లు వచ్చిపడ్డాయి. స్పీకరులో చిన్నాయన "అమ్మా" అని మూలిగాడు. చిన్నమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆడికి తీసకపోవద్దు పాపా. ఎనక్కి తీసకరా."

పరుగు పరుగున సత్రంలోకి తెచ్చి, పొయ్యి పక్కన నిలబెట్టాను. ఆమె వేళ్ల గుర్తులు చాలాసేపు నా చేతి మీద ఉండిపోయాయి.

తర్వాతి వారమంతా కూర్చుని అంకెలు సరిచేశాను. వలయంలో మనిషి వచ్చాడు, పొడుగ్గా, తెల్లగా, బంగారు రంగు జుట్టుతో. సంబరంగా చిన్నమ్మను పిలిచి చూపించాను. ఆమె కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"వద్దులే పాపా, ఎవురో ఉండాడు ఆడ. ముందరదే మేలు."

మళ్లీ అంకె మార్చి ఖాళీ చేశాను.

ఇప్పుడు నేను కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఆ ఆట పిచ్చివాళ్లు ఇద్దరున్నారు. చివరి కోటలో రాక్షసుణ్ణి ఎట్లా చంపాలో భోజనాల దగ్గర వాదించుకుంటారు, నన్నూ మధ్యలోకి లాగుతారు. అన్నీ తెలిసినదానిలా తల ఊపుతాను. వాళ్లకు నేనేం చెప్పను, అంత గొప్ప యోధుణ్ణి తయారుచేసి, ఆ తోడేళ్ల తర్వాత మళ్లీ సత్రం గడప కూడా దాటించలేదని? చివర్లో ఏమవుతుందో చెప్పొద్దని మాత్రం అడుగుతాను. సున్నా తీసి ఒకటి పెడితే మనిషికి ఏదైనా కుదురుతుందనుకున్న ఆ డిగ్రీ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు గానీ, వచ్చిన కాసేపూ బాగానే ఉంటుంది.