కుడిచెంప మీది ఎండ

ఇవాళ పొద్దున నేనొక తప్పు చేశాను. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి నిలబడ్డ నన్ను, చంకలో సంచితో, ఏడెనిమిదేళ్ల పాప చెయ్యి పట్టుకుని ఉన్న ఒకామె నాచారం ఆటోలు ఎక్కడ ఆగుతాయని అడిగింది. ఒక్క క్షణమైనా ఆలోచించకుండా చెయ్యి చాపి నాగోలు వైపు చూపించాను. ఆమె నమ్మి వెళ్లిపోయింది. రోడ్డు దాటి మందుల దుకాణం ముందుకు చేరాక గానీ, నేను చూపించింది సరిగ్గా ఎదురు దిక్కని తట్టలేదు. ఎనభై దాటినవాడికి దిక్కులు తడబడటంలో వింత లేదు. కానీ చెయ్యి చాపినప్పటి ఆ ధీమా ఉందే, అది నాలో చాలా పాతది. దాని సంగతి నా ఈడువాళ్లకు ఒకసారి చెప్పుకోవాలి.

పందొమ్మిది వందల అరవైల నడుమ ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. సూర్యాపేట అవతలి పల్లె నుంచి జడివానలో బస్సు దిగాను. కొత్త ఊళ్లో కొందరికి దిక్కులు తిరగబడినట్టు తోస్తుంది చూడండి, నాకూ అదే జరిగింది. పైగా వచ్చిన రోజు నుంచి పన్నెండు రోజులు ముసురు వదల్లేదు. సూర్యుడు కనబడితే కదా ఏది తూర్పో తెలిసేది!

ఆ రోజుల్లో మా బడికి కరెంటు లేదు. నాచారం కార్ఖానాలకు పోయే తీగలు మా కప్పు మీదుగానే పోయేవి గానీ గదుల్లోకి దిగలేదు. విద్యుత్తు పాఠం చెప్పాలంటే టార్చిలైటు బ్యాటరీ, చిటికెన వేలంత బల్బు, సైకిల్ దుకాణంలో అడిగి తెచ్చుకున్న తీగ ముక్క, అంతే. బల్బు వెలగ్గానే పిల్లలు కేరింతలు కొట్టేవారు. కరెంటు తీగలో నీళ్లలా ప్రవహిస్తుందని నేను చెప్పడం, వెంటనే మూడో వరుసలోని ఒక పిల్ల లేచి, "మరి తీగకు బొక్క పడితే కారిపోతదా సార్?" అని అడగడం నాకింకా గుర్తుంది. కారదు, కూర్చోమన్నాను. ఎందుకు కారదో నాకూ తెలియదు. నీళ్లతో పోల్చింది నేనే గనుక, కారదని అనే హక్కు నాకుందా అన్న అనుమానం ఆ రాత్రంతా పీకుతూనే ఉంది. పాఠం ముందు నాకు అర్థం కావాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆ పిల్ల తండ్రి నాచారంలో ఒక కార్ఖానాలో కూలీ. తెల్లవారగానే ఆయన పనికి పోతే, తరువాత ఈ పిల్ల సద్దిగిన్నె పట్టుకుని నడిచిపోయి, ఇచ్చి, బడి గంట కొట్టే వేళకు తిరిగి వచ్చేది.

మా బడి బీరువాలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో రెండు కడ్డీ అయస్కాంతాలు, వాటి కొనలకు అంటుకుని రెండు ఇనుప ముక్కలు, ఒక దిక్సూచి. వచ్చిన మొదటి రోజే, ఆ ఇనుప ముక్కలు పెట్టె కదలకుండా పెట్టినవేమో అనుకుని, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాను. దిక్సూచి ఎక్కడ పగిలిపోతుందో అని దాన్ని రెండు అయస్కాంతాల మధ్య భద్రంగా ఇరికించాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో!

పదో రోజు దిక్సూచి బయటికి తీసి బల్ల మీద పెట్టి, నీలం పూసిన కొన ఎటు చూపిస్తే అదే ఉత్తరమని చెప్పాను. సూది ఊగి ఊగి నిలిచింది. పిల్లలంతా "ఉత్తరం" అని అరిచారు. ఆ పిల్ల మాత్రం లేచి నిలబడింది.

"గటు మూసీ ఉంటది సార్. నాచారమే ఉత్తరం. నేను పొద్దుగాల పోయేటప్పుడు ఎండ కుడిచెంప మీద పడ్తది, వచ్చేటప్పుడు ఎడమచెంప మీద."

గదిలో ఒక్కసారిగా గోల. సగం మంది సూది వైపు, సగం మంది ఆ పిల్ల వైపు. నిజానికి అందరికన్నా ఎక్కువ తికమకపడ్డది నేను. కానీ పుస్తకంలో ఉన్నది చెబుతున్నానన్న ధైర్యం ఒకటి నా వెనక ఉంది. చెయ్యి చాపి మూసీ దిక్కు చూపించి, అదే ఉత్తరం, సూది అబద్ధం చెప్పదన్నాను. బెంచీ ఎక్కించి, "నాచారం దక్షిణం" అని పదిసార్లు అనమన్నాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా అనలేదు. బడి వదిలేదాకా అలాగే నిలబడింది. మరునాడు రాలేదు.

మరి రెండు రోజులకు ముసురు విడిచింది. పొద్దున్నే బడి వాకిట్లో నిలబడితే, నేను పడమర అనుకున్న వైపు నుంచి సూర్యుడు నింపాదిగా లేచాడు. పెట్టె తీసుకుని పెద్దసారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన అయస్కాంతం ఉత్తర కొనను సూది నీలం కొన దగ్గరికి తెచ్చారు. సజాతి ధ్రువాలు వికర్షించుకోవాలి కదా, అది ఆత్రంగా వచ్చి అతుక్కుంది.

"ఇనుప ముక్కలేవయ్యా? అవి లేకపోతే అయస్కాంతాల బలం తగ్గుతది. దిక్సూచిని తెచ్చి వాటి నడుమ పండబెడ్తివా? సూది ఉల్టా అయింది సూడు!" అని పెద్దసారు కడుపు పట్టుకుని నవ్వారు. అయస్కాంతంతో సూదిని ఎలా రుద్దాలో చూపించి, దాన్ని సరిచేయించారు. చివరికి గొంతు తగ్గించి, "పిల్లలకు చెప్పకు, సార్ల ఇజ్జత్ పోతది" అన్నారు.

ఆ సలహా నాకు హాయిగా తోచిందని ఒప్పుకుంటున్నాను. వారం రోజులు నోరు విప్పలేదు. మూడో వరుస చివర ఖాళీగా ఉన్న చోటు వైపు చూడకుండా పాఠాలు చెప్పాను. వారం తరువాత ఆ వరుసలోని ఇంకో పిల్ల చెప్పింది: "దాన్ని బడి మాన్పించిన్రు సార్. సార్‌కు ఎదురు జెప్పిందని వాళ్ల నాయిన కొట్టిండు. బీడీలు చుట్ట కూసోబెట్టిన్రు."

మరునాడు పొద్దున దిక్సూచి జేబులో వేసుకుని నాచారం దారి పట్టాను. కొంత దూరం పోయాక కుడిచెంప మీద ఎండ చుర్రుమంది. జేబులోంచి దిక్సూచి తీయాల్సిన పని లేకపోయింది. కార్ఖానా గేటు దగ్గర ఆ పిల్ల సద్దిగిన్నె పట్టుకుని తండ్రి కోసం నిలబడి ఉంది. తండ్రి రాగానే నన్ను చూసి దండం పెట్టాడు.

"మాఫ్ జెయ్యున్రి సార్. పిల్ల జర మొండిది. సదువు దాని తలకెక్కదు."

తలకెక్కనిది పిల్లకు కాదని, నాకని, నాచారం ఉత్తరమేనని, సూదిని పాడుచేసింది నేనేనని చెప్పాను. ఆయన నన్నూ దిక్సూచినీ మార్చి మార్చి చూసి, "గిదేంది సార్, సార్లు గూడ తప్పు జేస్తరా?" అన్నాడు. బిడ్డను బడికి పంపమని బతిమాలాను. ఆయన ఆలోచిస్తుండగా ఆ పిల్ల తల వంచుకునే అన్నది: "బెంచీ ఎక్కిచ్చింది అందరి ముంగట గద సార్. గిది నాయిన ఒక్కడే ఇన్నడు."

సోమవారం ఆ పిల్ల వచ్చి తన చోట కూర్చుంది. నేను అదే బెంచీ ఎక్కాను. పొడుగువాణ్ణి, తల దూలానికి ఠంగుమని తగిలింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే "నాచారం ఉత్తరం" అని పదిసార్లు అన్నాను. పదోసారికి ఆ పిల్ల కూడా నవ్వింది. ఐదో తరగతి దాకా అక్కడే చదివింది. తరువాత నాకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆ పిల్ల ఏమైందో తెలియదు.

ఇవాళ్టి సంగతి ఇంకా మిగిలే ఉంది. మళ్లీ రోడ్డు దాటి, నాగోలు వైపు ఆయాసపడుతూ నడిచాను. పాపను పట్టుకుని ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. తప్పు చెప్పానమ్మా అంటే, "గంత పక్కాగ చూపిస్తివి గద తాతా!" అని దెప్పింది. ఆటోలు ఆగేచోటు దాకా వెంట వస్తానని బయలుదేరదీశాను.

అప్పట్లో ఈ దారిలో నిలబడితే పొద్దు ఎక్కడుందో చూడకుండానే ఒంటికి తెలిసేది. ఇప్పుడు మెట్రో స్తంభాల నీడ, దాని పక్కన మేడల నీడ. నడిచేవాళ్లంతా చేతిలోని ఫోను చెప్పినట్టు తిరుగుతున్నారు, అదీ చాలాసార్లు సరిగానే చెబుతుంది, కాదనను. ఒకచోట మాత్రం రెండు మేడల సందులోంచి బారెడు ఎండ రోడ్డు మీద పడింది. పాపను అక్కడ ఆపి, ఏ చెంప వెచ్చగా ఉందో చెప్పమన్నాను. పాప కళ్లు మూసుకుని కాసేపు నిలబడి, కుడిచెంప తడుముకుంది.

అయితే నాచారం ఇటే అన్నాను, ఈసారి చెయ్యి చాపకుండా.