పరంజా విప్పుతున్నదెవరు

ఫల్లీకి దేనిమీదా నమ్మకం ఉండేది కాదు. నా గంజి బండి దగ్గర స్టూలు మీద కూర్చోవాలన్నా ముందు దాని కాళ్లు కదిపి చూసేది. "పిన్నీ, ఇది మొన్న ఊగింది, ఇవాళ ఊగడం లేదేంటి?" అనేది. నేనే మేకు కొట్టానని చెబితే, ఆ మేకు వంగి చూసుకుని గానీ కూర్చునేది కాదు.

మా రాజధాని నాంపెన్ పడమటి అంచున, మా సందుకు ఎదురుగా ఏడంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తోంది. అందులో సరుకు లిఫ్టు నడిపేది ఆమె. ఇటుక గానీ, కలిపిన సిమెంటు మాలు గానీ, టైల్సు గానీ పైకి వెళ్లాలంటే ఫల్లీ బటను నొక్కాల్సిందే. ఆమె, ఆమె మొగుడు రిన్, మిగతా కూలీలు అందరూ ఆ కడుతున్న భవనం కింది అంతస్తులోనే కాపురముండేవారు. రేకులు అడ్డం పెట్టుకుని, దోమతెరలు కట్టుకుని, తలమీద ఆరని స్లాబుతో. అలా ఉండకూడదని అందరికీ తెలుసు. వేరే చోటు ఎవరూ చూపించలేదు.

ఆమె మొదటి నుంచీ ఇలాంటి మనిషి కాదట. వాళ్ల సొంత జిల్లా ప్రేవెంగ్‌లో వరద వచ్చి చేలు మునిగాక, మొగుడితోనూ మరిదితోనూ కలిసి నగరానికి కూలి పనికి వచ్చింది. ఆ మొదటి చోట, జనం ఎక్కే లిఫ్టు కోసం వదిలిన గుంత మీద ఒక ప్లైవుడ్ ముక్క పడేసి ఉంచారు. దానికి మేకుల్లేవు, చుట్టూ అడ్డం లేదు. మరిది థీ సిమెంటు బస్తా మోసుకుంటూ వచ్చి దానిమీద కాలు పెట్టాడు. నాలుగో అంతస్తు నుంచి కిందికి పోయాడు. శవాన్ని ఇంకా ఎత్తకముందే అక్కడి మేస్త్రీ, "వాడే ఆ ముక్కను పక్కకు జరిపి ఉంటాడు" అన్నాడు. "బస్తా మోసేవాడికి కాళ్లకింద ఏముందో కనబడదు, ప్లైవుడ్ జరుపుతాడా పిన్నీ?" అని ఫల్లీ నాతో అన్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. అప్పటి నుంచి ఆమె ఏ చెక్క మీద కాలు పెట్టినా ముందు కర్రతో పొడిచేది. జనం నవ్వేవారు.

మా ఎదుటి సైటు మేస్త్రీ వుథా మాత్రం నవ్వేవాడు కాదు. చాలా మంచిగా మాట్లాడేవాడు, ఎండగా ఉన్న రోజు అందరికీ ఐసు కాఫీ తెప్పించేవాడు. అదే ఫల్లీకి అనుమానం. పసుపు హెల్మెట్లు, నడుముకు కట్టుకునే బెల్టులు స్టోరు గదిలో తాళం వేసి ఉండేవి. ఆఫీసు నుంచి తనిఖీ మనిషి వస్తున్నాడంటే ఆ గది తెరుచుకునేది. మూడో అంతస్తుకు మాత్రం చుట్టూ అడ్డుకడ్డీలు, ఆకుపచ్చ వల కట్టేవారు. ఆయన్ని మూడో అంతస్తుకే తీసుకెళ్లి, ఫొటోలు తీయించి, దింపేవారు. కారు సందు మలుపు తిరగ్గానే కడ్డీలు ఊడేవి, బెల్టులు గదిలోకి వెళ్లేవి.

"వానకు తడిస్తే పాడైపోతాయి అక్కా" అన్నాడట వుథా, ఆమె అడిగితే.

"మనుషులు తడిస్తే పాడవ్వరా అన్నా?"

అతను పెద్దగా నవ్వి వెళ్లిపోయాడట.

వానలు మొదలయ్యాక బయటి గోడలకు పూత పని పడింది. దానికోసం ఇనప పైపులతో పైదాకా పరంజా కట్టారు. పైపుకూ పైపుకూ, పైపుకూ గోడకూ కలిపి బిగించే క్లాంపులు ఆ పరంజాకు ప్రాణం. అవి మాయమవడం మొదలైంది. పూత మేస్త్రీ హాంగ్ ఒక ఉదయం నా దగ్గర గంజి తాగుతూ, "పైన పడవలో నిలబడ్డట్టుంది పిన్నీ" అన్నాడు. ఆ మధ్యాహ్నమే వుథా అందరినీ పోగుచేసి చెప్పాడు, "దొంగ బయటివాడు కాదు, మనలోనే ఉన్నాడు. కళ్లు తెరిచి ఉండండి."

అంతే, సైటు మొత్తం ఒకరినొకరు చూసుకోవడమే పనైంది. అందరి చూపూ చివరికి సారాత్ మీద ఆగింది. అతను కొత్తగా వచ్చాడు. మాట తక్కువ. పని అవగానే సైకిలుకు ఒక గోతం కట్టుకుని ఎటో పోయేవాడు, చీకటి పడే వేళకు గోతం లేకుండా తిరిగి వచ్చేవాడు. ఇంకేం కావాలి? అతని పెళ్లాం నీమొల్ నీళ్లకు వస్తే ఆడవాళ్లు గిన్నెలు దగ్గరికి లాక్కునేవారు. ఫల్లీ ఒకసారి తిన్నగానే అడిగింది.

"ఆ గోతంలో ఏముంది తమ్ముడూ?"

"నీకెందుకక్కా?"

ఆ జవాబుతో ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం నా సైకిలు అడిగి తీసుకుని అతని వెనకాల వెళ్లింది. అతను రైలు కట్ట దాటి, ఎవరో కంచె వేసుకున్న మడుగులోకి దూరాడు. నడుముల్లోతు నీళ్లలో దిగి తూటికూర కోస్తున్నాడు. గోతం నింపి బజారులో ఇచ్చి వస్తాడు, అంతే. దూరింది పరాయి మడుగులోకి కాబట్టే గోతం సంగతి ఎవరికీ చెప్పలేదు. తలెత్తి ఆమెను చూశాడు.

"క్లాంపులు నీళ్లలో దాచాననుకున్నావా అక్కా? దిగి వెతుక్కో."

సైకిలు తిరిగి ఇస్తూ ఫల్లీ నా ముఖం చూడలేకపోయింది. "సిగ్గుతో చచ్చాను పిన్నీ. కానీ అతను కాకపోతే ఎవరు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె కంచం పక్కనే కూర్చుని అన్నం తింటోంది. రిన్‌కు ఆ రోజుల్లో టైల్సు మోసే పని. టైల్సు మోసేవాడి చేతులకు తెల్లటి దుమ్ముండాలి. అతని గోళ్ల సందుల్లో తుప్పు, గ్రీజు ఉన్నాయి. ఏంటని అడిగితే గేటు గొళ్లెం తుప్పు అంటుకుందన్నాడు. ఫల్లీ వెళ్లి గొళ్లెం చూసింది. దానికి కొత్తగా రంగు వేసి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నాక, ఆమె మెట్ల మీదుగా పైకెళ్లి వెనక వైపుకు తొంగి చూసింది. కింద వుథా వ్యాను ఆగి ఉంది. పరంజా మీద రిన్. చేతిలో పానా, భుజాన ఖాళీ సిమెంటు సంచి. ఒక క్లాంపు విప్పాడు, సంచిలో వేశాడు, ఇంకోదాని దగ్గరికి జరిగాడు. అరిస్తే ఎక్కడ పట్టు తప్పి పడతాడోనని నోరు మూసుకుని నిలబడ్డానని తర్వాత నాతో చెప్పింది.

అతను కిందికి వచ్చేసరికి ఆమె అన్నం పెట్టుకుని కూర్చుంది.

"చేతులు చూపించు."

"తిననీయవే."

"తిను. ఎడమ చెయ్యి చూపించు."

అతను కంచం పక్కకు జరిపాడు. "ఒకటి విడిచి ఒకటి తీస్తున్నా. ఏం కాదన్నాడు వుథా అన్న. అవతల ఇంకో సైటు మొదలుపెట్టారు, అక్కడికి సామాను చాలడం లేదట. కొత్తవి కొనరట."

"మరి దొంగ దొంగ అని అందరూ సారాత్ మీద పడుతుంటే నోట్లో ముద్ద పెట్టుకుని కూర్చున్నావే?"

"నేనెప్పుడైనా అతన్ని దొంగ అన్నానా?"

"కాదని అన్నావా?"

అతను తలవంచుకున్నాడు. "పని పోతుంది ఫల్లీ."

"థీ చచ్చినప్పుడు ఆ మేస్త్రీ ఏమన్నాడో మర్చిపోయావా? రేపు హాంగ్ అన్న పడితే, దొంగ క్లాంపులు ఎత్తుకుపోయాడంటారు. సారాత్‌ను జైల్లో వేస్తారు. నువ్వు ఆ పక్కనే కూర్చుని అన్నం తింటావు."

మర్నాడు పొద్దున ఫల్లీ లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేసి, తాళం చెవి నడుముకు చెక్కుకుని, బోర్లించిన గమేళా మీద కూర్చుంది. నేను గంజి గిన్నె వదిలేసి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"అక్కా, మాలు పంపు! ఆరిపోతోంది!" పైనుంచి హాంగ్ అరిచాడు.

"మాలు రాదు. మీరే దిగి రండి."

వుథా చిరునవ్వుతో వచ్చాడు. "ఏంటి ఫల్లక్కా, ఒంట్లో బాలేదా, కరెంటు బాలేదా?"

"రెండూ బాగానే ఉన్నాయి. పరంజా బాలేదు."

"బటను నొక్కడానికి ఇంకో వేలు దొరకదనుకున్నావా?"

"దొరుకుతుంది. ముందు ఆ వేలున్న మనిషిని పరంజా ఎక్కించి చూడు."

పనివాళ్లు గుమిగూడారు. ఆమె పక్కన నిలబడతారనుకున్నాను. లేదు. "ఎవరో పోటీ కాంట్రాక్టరు దగ్గర డబ్బు తిన్నట్టుంది" అన్నాడొకడు. "మొగుడితో గొడవ పడి మన మీద చూపిస్తోంది" అంది ఇంకొకామె. ఇన్నాళ్లూ అందరినీ అనుమానించిన మనిషిని ఇప్పుడు అందరూ అనుమానించారు.

వుథా నెమ్మదిగా అడిగాడు. "దొంగను పట్టుకున్నావు కదా? పేరు చెప్పు."

అలా అంటూ అతను చూసింది రిన్ వైపు. మొగుడి పేరు ఆమె నోట రాదని అతనికి తెలుసు. గుంపు చివర నుంచి సారాత్ అన్నాడు, "నా పేరే చెబుతుందిలే. అందరూ చెప్పేది అదే కదా."

అప్పుడు రిన్ ముందుకు వచ్చాడు. "విప్పింది నేను. వుథా అన్న చెబితే విప్పాను. నమ్మకపోతే అయిదో అంతస్తు కిటికీలోంచి పైపును తోసి చూడండి. ఒక్క చేత్తో."

హాంగ్ దిగి రావడం మాని కిటికీలోంచి లోపలికి దూకాడు. అక్కడి నుంచే పైపును తోశాడు. ఆ ఎత్తున ఉన్న పరంజా మొత్తం గోడ వదిలేసి ఇవతలికి వంగి, మళ్లీ వెళ్లి గోడను కొట్టింది. ఎండిన మాలు పెళ్లలు మా అందరి నెత్తిన రాలాయి. నిన్నటిదాకా దానిమీద నిలబడి పాటలు పాడుకున్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు.

ముందు తేరుకున్నది వుథా. "నేను కొన్ని తియ్యమన్నాను. ఇన్ని తియ్యమన్నానా? మిగతావి నువ్వే అమ్ముకుని తిన్నావురా!"

రిన్ ముఖం పాలిపోయింది. "ఒట్టు. చెప్పినవే తీశాను." ఫల్లీ అతని ముఖంలోకి చూసింది. ఆ చూపు నేను చూశాను.

ఆ రోజు ఎవరూ పరంజా ఎక్కలేదు. యజమాని తరఫు ఇంజినీరు వచ్చాడు, వుథాతో స్టోరు గదిలో తలుపు వేసుకుని మాట్లాడాడు. మర్నాటికి వ్యానులో క్లాంపులు తిరిగి వచ్చాయి. బెల్టుల గది తెరిచారు, ఈసారి మళ్లీ మూయలేదు. వుథా ఉద్యోగం వుథాకు ఉంది. ఆ వారం చివర ఫల్లీకీ రిన్‌కూ పని లేదని చెప్పారు. లిఫ్టు తాళం చెవి నీమొల్ చేతికిచ్చారు. ఇచ్చే ముందు ఫల్లీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తీగలు, బ్రేకులు అన్నీ చూపించింది. నీమొల్ తల ఊపుతూ విన్నదే గానీ ఒక్కసారి కూడా అక్కా అని పిలవలేదు.

రిన్ సారాత్ దగ్గరికి వెళ్లి, "తప్పయింది తమ్ముడూ" అన్నాడట. సారాత్ సైకిలు చైనుకు నూనె వేసుకుంటూ, "పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డం" అన్నాడట.

వెళ్లే రోజు పొద్దున ఫల్లీ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. అప్పటికే పాత ఇనుము కొనేవాడి దుకాణానికి వెళ్లి వచ్చిందట.

"రిన్ ఎప్పుడైనా క్లాంపులు తెచ్చి అమ్మాడా అని అడిగాను పిన్నీ. లేదన్నాడు."

"హమ్మయ్య! మరింకేం?"

"కొన్నవాడు కొన్నానని చెబుతాడా?"

గంజి పోసి ఇచ్చాను, తాగింది. టుక్‌టుక్‌లో రిన్ సామాను సర్దుకుని, ఆమెకు చోటు వదిలి, ఓ మూల ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్లి అతని పక్కనే కూర్చుంది.

ఇప్పుడు వాళ్లు సియెంరీప్ రోడ్డు మీద ఏదో హోటలు కడుతున్న చోట ఉన్నారు. ఆమెకు మళ్లీ లిఫ్టు పనే దొరికింది. పండగకు ఫోను చేసింది.

"ఇక్కడి మేస్త్రీ మొదటి రోజే అందరికీ బెల్టులు ఇచ్చాడు పిన్నీ. రోజూ కట్టుకున్నామా లేదా అని చూస్తాడు."

"అయితే ఇక నీకు దిగులు లేదన్నమాట."

"ఎందుకు అంత మంచిగా ఉన్నాడో ఇంకా తెలీలేదు" అంది.