ఎవరూ పట్టని కూత

వ్యాయామం మనిషిలో ధైర్యాన్ని, ఐకమత్యాన్ని పెంచుతుందని జమ్మలమడుగు పక్కన మా హైస్కూలు గోడ మీద రాసి ఉండేది. మా ఊళ్లో రెండు పార్టీలు, రెండు వీధులు. కబడ్డీ జట్లూ అట్లాగే కట్టేవాళ్లం. మావాడు కూతకు పోతే అవతలివాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లొస్తే మేమూ అంతే. పట్టుకుంటే మోకాలు గీసుకుపోతుంది, ఆ పగ ఇళ్లల్లో పెద్దవాళ్లు తీర్చుకుంటారు. డ్రిల్లు మాస్టారైతే ఆట మొదలయ్యే ముందే బతిమాలేవాడు.

"ఎవురూ ఎవుర్నీ ముట్టుకోవద్దండప్పా, నాకూ పెండ్లాం బిడ్డలుండారు."

వార్షికోత్సవానికి ఒక ఏడు వాళ్ల నాయకుడు, ఒక ఏడు మా నాయకుడు ముఖ్య అతిథి. ఒకసారి మా నాయకుడి వంతు వచ్చింది. ప్రాణభయంతో మిద్దె దిగడమే మానేసిన మనిషి, చుట్టూ తుపాకులవాళ్లను పెట్టుకుని జీపులో వచ్చాడు. రెండు జట్లకూ సున్నాలతో ముగిసిన ఆట చూసి మురిసిపోయి మైకందుకున్నాడు.

"సూడండప్పా, ఆటలాడితే పిల్లోల్లు ఎంత పద్ధతిగా పెరుగుతాండారో!"

నిజమే. ఆ ఏళ్లలో మా ఊళ్లో మనిషి మీద మనిషి చెయ్యి వెయ్యని చోటు ఆ కబడ్డీ గీతల మధ్య ఒక్కటే.